ట్యాక్స్‌మన్ అంటే పన్నులు వసూలు చేసేవాడు కాదు

చిరంజీవులు అమ్ములుకు, చిన్నోడికి తాత ఆశీస్సులు.

ఈ సెలవుల్లో మీరు ఎడింబరో నుంచి స్కై దీవికి వెళ్ళొచ్చారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చిన్నోడి ప్రశ్న కూడా చెప్పింది. ఫ్లోరా మెక్‌డొనాల్డ్ ఒక ట్యాక్స్‌మన్ కూతురని అక్కడి గైడు అన్నాడట. "మరి ట్యాక్సులు వసూలు చేసేవాళ్ళమ్మాయి, ప్రభుత్వం వెతుకుతున్న రాకుమారుణ్ణి ఎందుకు తప్పించింది?" అని వీడి సందేహం. చాలా మంచి సందేహం. ఫోన్లో చెబితే సగం మర్చిపోతారని ఉత్తరం రాస్తున్నాను.

ఆ ట్యాక్సుకీ ఈ మాటకీ సంబంధం లేదు. పాత స్కాట్లండ్‌లో ట్యాక్ అంటే గుత్త. భూమిని ఇన్నేళ్ళకని, ఏటా ఇంత ఇవ్వాలని రాసుకునే కాగితం. చాలాచోట్ల 19 ఏళ్ళకు రాసుకునేవాళ్ళు. ఆ కాగితం చేతిలో ఉన్నవాడు ట్యాక్స్‌మన్. మన కోడూరు వైపు గుత్తదారు అంటాం, అంతే. కానీ ఆ మనిషి అక్కడ ఎలా బతికాడో తెలియకపోతే ఫ్లోరా సంగతి అర్థం కాదు.

ఒక పెద్దాయనకు పెద్ద మామిడితోట ఉందనుకోండి. అంతా తనే చూసుకోలేడు. చిన్నాన్న కొడుకును పిలిచి, "ఈ ఇరవై ఎకరాలు నువ్వు చూసుకో అబ్బీ" అని గుత్తకు రాసిచ్చాడు. ఆయన కొన్ని చెట్లు తనకుంచుకుని మిగతావి ఊళ్ళోవాళ్ళకు పంచాడు, నీకు పది, నీకు పన్నెండు అని. వాళ్ళ చేతిలో కాగితం లేదు, ఆయన నోటిమాటే కాగితం. కాయల్లో ఆయనకింత ఇస్తారు, ఏడాదిలో కొన్ని రోజులు ఆయన తోటలో కూలి లేకుండా పనిచేస్తారు. దొంగలు పడ్డారని పెద్దాయన కేకేస్తే, ఆయన వాళ్ళందర్నీ వెంటేసుకుని కర్రలతో పరిగెత్తుకొస్తాడు.

ఆ పెద్దాయనే హైలాండ్స్‌లో, అంటే స్కాట్లండ్ కొండసీమలో, క్లాన్ చీఫ్, అంటే వంశానికి పెద్ద. చిన్నాన్న కొడుకు ట్యాక్స్‌మన్, చాలామటుకు చీఫ్ రక్తసంబంధికుడే. మామిడికాయల బదులు వెన్న, జున్ను, కోళ్ళు, గొర్రెలు. కర్రల బదులు కత్తులు. యుద్ధం వస్తే చీఫ్ సైన్యంలో అధికారులు ఈ ట్యాక్స్‌మన్‌లే, సిపాయిలు వాళ్ళ కింద సాగుచేసుకునేవాళ్ళే.

మా చిన్నప్పుడు మా మేనమామ వాళ్ళ తోట పూత మీదే గుత్తకు వెళ్ళిపోయేది. గుత్తదారు పెళ్ళాంబిడ్డలతో వచ్చి, చెట్ల మధ్య గుడిసె వేసుకుని, వడిసెలతో చిలకల్ని తోలుతూ కాయ దిగేదాకా అక్కడే ఉండేవాడు. రాత్రి గాలి వీచిందంటే మాకు నిద్ర పట్టేది కాదు. తెల్లారకముందే తోటలో పడేవాళ్ళం. బేరం ప్రకారం రాలిన కాయ కూడా ఆయనదే. అయినా "ఒడి నిండా ఏరుకోండి, చెట్టు జోలికి మాత్రం పోవద్దు" అనేవాడు. తొడిమ దగ్గరి సొన అంటుకుని మూతి పక్కన పుండ్లు పడేవి, అయినా మానేవాళ్ళం కాదు. తర్వాత ఒక ఏడు ఇంకొకాయన ఎక్కువ పాడుకుని తోట పట్టాడు. రాలినవి కూడా లెక్కపెట్టి గంపకెత్తించాడు. కాగితం ప్రకారం ఆయన చేసింది తప్పేం కాదు. అమ్ములూ, నువ్వు క్లాసు లీడరువి కదా. టీచరుకూ పిల్లలకూ మధ్య నిలబడ్డప్పుడు ఆ మొదటాయన్ని తలుచుకో.

సరే, మళ్ళీ పెద్దాయన దగ్గరికి. ఆయన పట్నంలో కాపురం పెట్టాడు, ఖర్చు పెరిగింది. ఇక చిన్నాన్న కొడుకు వద్దు, ఎవరు ఎక్కువ పాడితే వాళ్ళకే తోట అన్నాడు. ఆర్గైల్ డ్యూకు అనే పెద్ద చీఫ్ 1737లోనే తన భూముల్లో ఈ పని చేశాడు. బ్రిటన్ సింహాసనం తన వంశానిదేనని తిరగబడ్డ రాకుమారుడు చార్లెస్ 1746లో కలోడెన్ యుద్ధంలో ఓడిపోయాడు. మరుసటి ఏడు చీఫ్‌లకు తరతరాలుగా ఉన్న న్యాయాధికారాలను చట్టం తీసేసింది. కత్తి పట్టే మనుషులతో చీఫ్‌లకు పని తగ్గింది, డబ్బుతో పని పెరిగింది. గుత్తలు పెంచారు. చాలామంది ట్యాక్స్‌మన్‌లు తట్టుకోలేక, అవమానం దిగమింగలేక, తమ కింది కుటుంబాలను కూడా వెంటబెట్టుకుని అమెరికా ఓడలెక్కారు.

ఫ్లోరా కథ కూడా అదే. 1746 జూన్‌లో చార్లెస్‌కు ఆడవేషం వేయించి, బెట్టీ బర్క్ అనే పనిమనిషినని చెప్పించి, పడవలో స్కైకి చేర్చింది ఆమే. ట్యాక్స్‌మన్ కూతురు కాబట్టి చీఫ్‌ల ఇళ్ళలోనూ చనువుంది, పడవ నడిపేవాళ్ళతోనూ చనువుంది. రెండు వైపులా నమ్మకం ఉన్న మనిషి తప్ప ఇంకెవరు చేయగలరు ఆ పని? చిన్నోడా, నీ ప్రశ్నకు జవాబు ఇదే. తర్వాత ఆమె కింగ్స్‌బరో ట్యాక్స్‌మన్ ఆలన్‌ను పెళ్ళాడింది. 1774లో ఆ దంపతులు కూడా నార్త్ కరోలైనాకు వలసపోయారు. అక్కడ అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో భర్త పట్టుబడ్డాడు, ఇల్లూ పొలమూ పోయాయి. ఆమె స్కాట్లండ్‌కు తిరిగొచ్చి 1790లో స్కైలోనే కన్నుమూసింది.

ట్యాక్స్‌మన్‌లందరూ దేవుళ్ళేం కాదు. కింది రైతును పిండినవాళ్ళూ ఉన్నారు. గ్లాస్గోలో పుట్టిన థామస్ మన్రో, 1800 నుంచి 1807 దాకా మన కడప, బళ్ళారి జిల్లాలున్న దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా ఉండి, నడిమివాళ్ళు లేకుండా నేరుగా రైతు పేరనే శిస్తు కట్టించాడు. పత్తికొండలో కలరాతో చనిపోయింది ఆయనే. కానీ హైలాండ్స్‌లో నడిమివాడు పోయాక కింది రైతుకు ఏ కాగితమూ రాలేదు. తోట పెద్దాయన చెట్లు కొట్టించి గొర్రెల్ని తోలాడు. ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేయించారు.

రైతులకు కాగితం రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. 1882లో స్కైలోని బ్రేస్‌లో, గ్లాస్గో నుంచి వచ్చిన పోలీసుల మీద ఆడవాళ్ళు కూడా రాళ్ళు రువ్వారు. తమ గొర్రెలు మేసే కొండను లాగేసుకున్నారని వాళ్ళ కోపం. ఆ గొడవల తర్వాత 1886లో క్రాఫ్టర్ల చట్టం, అంటే చిన్న కౌలు రైతుల చట్టం వచ్చింది. గుత్త సరిగా కట్టినంతకాలం ఎవరూ వెళ్ళగొట్టకూడదు, సాగు హక్కు పిల్లలకు దక్కాలి, గుత్త ఎంతో కమిషను తేల్చాలి. ఇది చదివిన రోజున నాకు కళ్ళు చెమర్చాయి. ఇక్కడ కౌలు రైతు చేతిలో కాగితం లేక బ్యాంకు మెట్ల దగ్గర నిలబడడం నేను చూస్తూనే ఉన్నాను.

ఇంకా రాయాలని ఉంది, కానీ ఇక నా మాటలకన్నా మీ కళ్ళు బాగా చెబుతాయి. ఈసారి హైలాండ్స్‌కు వెళ్ళినప్పుడు, ఎండ ఏటవాలుగా పడే వేళ ఇళ్ళు లేని కొండవాలు ఏదైనా చూడండి. గడ్డి కింద పక్కపక్కనే వరసగా గట్లు కనిపించవచ్చు. కాగితం లేనివాళ్ళు పారతో తవ్వి, సముద్రపు నాచు ఎరువేసి, బంగాళాదుంపలు, ఓట్స్ ధాన్యం పండించిన మళ్ళు అవి. ఒక గట్టు ఎన్ని అడుగుల వెడల్పుందో అడుగులేసి కొలవండి. పక్కన కూలిన రాతిగోడ ఉంటే అదీ చూడండి. ఫోటో తీసి, ఏం చూశారో మీ చేతిరాతతో నాకు రాయండి. ఇంగ్లీషులో కాదు, తెలుగులో.

మీ తాత