పాత ఫ్లాట్‌హెడ్ ఫోర్డు, కొత్త క్రాంకు: అపోహలు - వాస్తవాలు

ఫోర్డు కంపెనీ అమెరికాలో 1932 నుంచి 1953 దాకా తన కార్లకు పెట్టిన వీ8 ఇంజన్‌లో వాల్వులు హెడ్‌లో ఉండవు, బ్లాకులోనే సిలిండర్ పక్కన ఉంటాయి. హెడ్ పైన బిగించే మూత లాంటిదే, అందుకే దీన్ని ఫ్లాట్‌హెడ్ అంటారు. ఆ సంస్థదే అయిన మెర్క్యురీ కార్లకు 1949లో 4 అంగుళాల స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) ఉన్న క్రాంకు (పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసు) వచ్చింది. అంతకుముందు స్ట్రోక్ 3.75 అంగుళాలే. ఆ క్రాంకును 1946-48 నాటి 59ఏ అనే రకం ఫోర్డు బ్లాకులో వేసుకోవడం, పాత కార్లను వేగం కోసం మార్చుకునే అక్కడి హాట్ రాడ్ వాళ్లకు పాత అలవాటు. ఇంజన్ రీబిల్డ్ చేసే మా దగ్గరికి ఈ పని మీద వచ్చేవాళ్లు మోసుకొచ్చే నమ్మకాలు కొన్ని ఇవి.

అపోహ: బ్లాకు కోయకుండా పట్టదు.
వాస్తవం: 59ఏలో పడుతుంది. రెండింటికీ మెయిన్ జర్నల్ (క్రాంకు బ్లాకులో కూర్చుని తిరిగే భాగం) వ్యాసం సుమారు 2.5 అంగుళాలు. అయినా క్రాంకు, దాన్ని పిస్టన్లకు కలిపే రాడ్లు వేశాక చేత్తో రెండు చుట్లు తిప్పి ఎక్కడా తగలడం లేదని చూడకుండా ముందుకు వెళ్లను.

అపోహ: అయితే ఏ ఫ్లాట్‌హెడ్‌లోనైనా పడుతుంది.
వాస్తవం: పడదు. 1932 నాటి తొలి బ్లాకుల్లో మెయిన్లు 2 అంగుళాలే. బేరింగ్ మెటల్‌ను బ్లాకులోనే పోసి బోర్ చేసేవారు, షెల్స్ (విడిగా మార్చుకునే బేరింగ్ ముక్కలు) ఉండవు. అలాంటి అరుదైన బ్లాకును కోసి పాడుచేయడం నాకైతే మనసొప్పదు.

అపోహ: పాత పిస్టన్లే సరిపోతాయి.
వాస్తవం: ఎక్కువ ఇంజన్లు పాడయ్యేది ఇక్కడే. స్ట్రోక్ పావు అంగుళం పెరిగిందంటే పిస్టన్ పైకి అందులో సగం, అంటే 125 థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ) ఎక్కువ వస్తుంది. రాడ్డు పొడవు రెండింటికీ 7 అంగుళాలే కాబట్టి అక్కడ సర్దుబాటు ఏమీ దొరకదు. పిస్టన్‌కీ హెడ్‌కీ మధ్య మేం ఉంచుకునే ఖాళీయే 40-50 థౌ. పాత పిస్టన్ వేస్తే హెడ్‌కు కొట్టుకోక ఏమవుతుంది? మెర్క్యురీ పిస్టన్‌లో రాడ్డును పట్టే పిన్ను రంధ్రం 125 థౌ పైకి ఉంటుంది, అదే కావాలి. హెడ్ బిగించే ముందు పిస్టన్ మీద బంకమట్టి ముద్దలు అతికించి, పాత గాస్కెట్ వేసి, ఇంజన్ రెండు చుట్లు తిప్పి, నలిగిన ముద్దను బ్లేడుతో కోసి మందం కొలవండి. వాల్వుల మీద కూడా ఒక ముద్ద పెట్టండి.

అపోహ: రాడ్లు ఏవైనా ఒకటే.
వాస్తవం: పొడవు ఒకటే, బేరింగ్ పద్ధతి వేరు. 1948 దాకా ఫ్లోటింగ్ షెల్: ఒకే క్రాంక్‌పిన్ను (క్రాంకులో రాడ్లు బిగించే భాగం) మీది రెండు రాడ్లకు కలిపి ఒకటే, అది రాడ్డులోనూ క్రాంక్‌పిన్ను మీదా కూడా తిరుగుతుంది. 1949 నుంచి ప్రతి రాడ్డుకు దాని షెల్ దానికి, కదలకుండా లాక్ అయి ఉంటుంది. 1949-53 క్రాంకు తీసుకుంటే రాడ్లు, షెల్స్ కూడా ఆ కాలంవే పెట్టుకుంటే తలనొప్పి ఉండదు.

అపోహ: అమ్మేవాడు మెర్క్యురీ అన్నాడు, చాలు.
వాస్తవం: అదే కాలం నాటి ఫోర్డు క్రాంకు చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది. కొలవాలి. మెయిన్ సెంటర్ నుంచి క్రాంక్‌పిన్ను సెంటర్‌కు 2 అంగుళాలుంటే మెర్క్యురీ, 1.875 అయితే ఫోర్డు. కొన్నాక గ్రైండింగ్‌కు పంపే ముందు క్రాంక్‌పిన్నుల ప్లగ్గులు తీయించండి. లోపలి బోలులో దశాబ్దాల నూనె మడ్డి తారులా గట్టిపడి ఉంటుంది. ఊరికే కడిగితే పోదు, గీకి తీయాల్సిందే. వదిలేస్తే కొత్త షెల్స్‌ను అదే తినేస్తుంది.

అపోహ: పవర్ అదిరిపోతుంది.
వాస్తవం: అదే బోరు (సిలిండర్ వ్యాసం) మీద ఇంజన్ సైజు 239 క్యూబిక్ అంగుళాల నుంచి 255 అవుతుంది. అంటే పెరిగేది 7 శాతం లోపే. కింది ఆర్‌పీఎమ్‌లో లాగుడు బాగుంటుంది, అది నిజం. పై స్పీడులో ఈ ఇంజన్‌కు ఊపిరి ఆడదు: ఒక్కో వైపు నాలుగు సిలిండర్లకు పొగ పోయే దారులు మూడే, మధ్య రెండూ ఒకటే పంచుకుంటాయి. పైగా ఆ వేడి పొగ బ్లాకులోంచే బయటికి పోతుంది. రేడియేటర్ బలహీనంగా ఉంటే ట్రాఫిక్‌లో టెన్షనే.

బ్యాలెన్సింగ్ గురించి అడగనే అడగరు. పిస్టన్, రాడ్డు మారితే బరువులు మారతాయి, కాబట్టి క్రాంకును మళ్లీ బ్యాలెన్స్ చేయించాలి.

ఇక క్రాంకుకు డబ్బు పెట్టేముందు బ్లాకును శుభ్రంగా కడిగించి పగుళ్లకు టెస్ట్ చేయించండి. వాల్వ్ సీటు నుంచి సిలిండర్ వైపు, హెడ్ స్టడ్ రంధ్రాల చుట్టూ పగలడం వీటికి మామూలే. కంటికి కనపడలేదంటే లేనట్టు కాదు.