కంప్యూటర్ లెక్కకు చిక్కని రక్తపు గడ్డ

మెదడు అన్యూరిజంకు, అంటే మెదడులో రక్తనాళం గోడ బలహీనపడి బుడగలా ఉబ్బడానికి, చికిత్స చేసే పరికరాలను మనుషుల కన్నా ముందు కంప్యూటర్‌లో పరీక్షిస్తే చాలదా అన్న వాదన మళ్లీ రాజుకుంది. ఇప్పటి పేచీకి మూలం 2011లో ఉంది.

ఆ ఏప్రిల్‌లో మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ, పైప్‌లైన్ అనే ఫ్లో డైవర్టర్‌ను (రక్తప్రవాహాన్ని ఉబ్బులోకి పోకుండా మళ్లించే పరికరాన్ని) అనుమతించింది. సన్నని తీగలతో ఒత్తుగా అల్లిన గొట్టం అది. దాన్ని ఉబ్బులో పెట్టరు, ఉబ్బు మూతి మీదుగా అసలు రక్తనాళంలో పరుస్తారు. లోపల రక్తం నెమ్మదించి గడ్డకట్టాలి, కొన్ని నెలల్లో మూతి పూడిపోవాలి. చాలామందిలో జరిగేది అదే. కానీ కొందరిలో అంతా సవ్యంగా జరిగిందనుకున్నాక అన్యూరిజం పగిలింది.

ఎందుకన్నదానికి అప్పటికే, జనవరిలో, అమెరికన్ జర్నల్ ఆఫ్ న్యూరోరేడియాలజీ ఒకే సంచికలో రెండు జవాబులు వచ్చాయి. సెబ్రాల్ అనే పరిశోధకుడి బృందం ఏడు అన్యూరిజంల సిమ్యులేషన్లు (రక్తప్రవాహాన్ని కంప్యూటర్‌లో అనుకరించే లెక్కలు) చూపి, లోపల పీడనం పెరిగి ఉండొచ్చంది. కుల్చార్ అనే మరో పరిశోధకుడి బృందం గడ్డనే అనుమానించింది: పెద్ద ఉబ్బులో ఒక్కసారిగా కట్టిన ఎర్ర గడ్డలోంచి వచ్చే ఎంజైములు గోడను తినేస్తాయన్నది వాళ్ల వాదన. అల్లిక సందుల్లోంచి పీడనం ఎలాగూ ముందులాగే లోపలికి చేరుతుంది కాబట్టి, పరికరం వల్ల అది పెరుగుతుందన్న మొదటి జవాబు చాలామందికి మింగుడుపడలేదు. రెండోది నిజమైతే రక్తప్రవాహం లెక్క ఒక్కటే సరిపోదు. ప్లేట్‌లెట్లతో (రక్తాన్ని గడ్డకట్టించే కణాలతో) గట్టిపడిన గడ్డా, ఎర్రకణాలు చిక్కుకున్న వదులు గడ్డా అన్నది కూడా తేలాలి.

అసలు చిక్కు ఇక్కడే. సిమ్యులేషన్ నడిచేది కొన్ని గుండె చప్పుళ్ల సేపు. గడ్డ ముదిరేది వారాలు, నెలల్లో. రక్తాన్ని గడ్డకట్టించే త్రాంబిన్, ఫైబ్రిన్ అనే ప్రొటీన్ల సమీకరణాలు చేర్చిన మోడళ్లు వచ్చాయి, నిజమే. కానీ రోగి వేసుకునే, గడ్డకట్టడాన్ని తగ్గించే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మందులు ఒక్కొక్కరి మీద ఒక్కోలా పనిచేస్తాయి. పైగా సరిచూసుకుందామంటే ఆంజియోగ్రామ్‌లో (రక్తనాళాల ఎక్స్‌రే చిత్రంలో) ఉబ్బు మూసుకుందో లేదో కనిపిస్తుంది గానీ, లోపలిది ఏ రకం గడ్డో కనిపించదు.

సిమ్యులేషన్ పక్షం వాళ్ల బలమైన ఆధారం 2021 నాటి ఎఫ్‌డీ-పాస్, అంటే ఫ్లో డైవర్టర్‌ను కంప్యూటర్‌లోనే పరీక్షించిన ట్రయల్. 164 మంది వర్చువల్ రోగుల్లో 82.9 శాతం విజయం, అసలు ట్రయల్స్‌కు దగ్గరి అంకె. హైబీపీ ఉన్నవాళ్లలో ఫలితం ఎలా మారుతుందో కూడా అది చూపింది, చిన్న విషయం కాదు. కాకపోతే అందులో విజయమంటే ఉబ్బులో రక్తవేగం తగినంత తగ్గడం.

మోడల్ ఏ నిర్ణయానికి ఉపయోగపడాలో దాన్నిబట్టే రుజువులు అడుగుతామని 2023లో ఎఫ్‌డీఏ తన మార్గదర్శకాల్లో చెప్పింది. వేగం తగ్గుతుందా అన్నదానికి ఆ రుజువులు చూపగలరు. చికిత్స తర్వాత పగులుతుందా అని డాక్టర్ అడిగితే, 2011లో లేచిన గడ్డ ప్రశ్నకే ముందు జవాబు చెప్పాలి.