పదహారు ఇరవైమూళ్లు అడిగితే కంటిపాప ఏం చెబుతుంది?

ఇంటి నుంచి ఉద్యోగం చేస్తున్న ఒక పాఠకురాలు అడిగారు: "నేను మనసుపెట్టి పనిచేస్తున్నానో లేదో ల్యాప్‌టాప్ కెమెరా కనిపెట్టగలదా?"

మనసు మీద పడే బరువును కొలవడానికి గుండె లయ, మెదడు తరంగాలు, రెప్పపాట్లు, మౌస్ కదలికలు, అన్నీ వాడుతున్నారు. వాటిని పక్కన పెడుతున్నాను. నన్ను ఏళ్లుగా వదలనిది కంటిపాప.

1964లో ఎకార్డ్ హెస్, జేమ్స్ పోల్ట్ అనే శాస్త్రవేత్తలు ఐదుగురిని కూర్చోబెట్టి నోటిలెక్కలు అడిగారు. ఏడు ఎనిమిదులు అడిగితే కంటిపాప కాస్త పెరిగింది. పదహారు ఇరవైమూళ్లు అడిగితే బాగా విప్పారింది. జవాబు నోటికి వచ్చే ముందు దాని పరిమాణం గరిష్ఠం. చెప్పేయగానే మళ్లీ మామూలు. రెండేళ్లకు డేనియల్ కానమన్, జాక్సన్ బీటీ సెకనుకో అంకె చొప్పున వినిపించి తిరిగి చెప్పమన్నారు. విన్న ప్రతి అంకెకూ కంటిపాప కొంచెం పెరిగింది, అప్పజెప్పిన ప్రతి అంకెకూ కొంచెం తగ్గింది. జ్ఞాపకం నిండడం, ఖాళీ కావడం బయటినుంచే కనబడ్డాయి! ఫోనులో ఆరంకెల ఓటీపీ చూసి, దాన్ని మనసులో పట్టుకుని కంప్యూటర్‌లో టైప్ చేసేటప్పుడు మీ కంట్లో జరిగేది కూడా దాదాపు ఇదే.

కంటిపాపను ముడిచే కండరం ఒకటి, విప్పే కండరం మరొకటి. మెదడు కాండంలో లోకస్ సెరూలియస్ అనే చిన్న నీలి మచ్చ ఉంది. మెదడంతటికీ నార్‌ఎపినెఫ్రిన్ అనే రసాయనాన్ని పంపి చురుకు పుట్టించేది అదే. దాని ఉరవడి పెరిగినప్పుడు విప్పే కండరానికి సహానుభూత నాడుల (ఒంటిని అప్రమత్తం చేసే నాడుల) ప్రేరణ పెరుగుతుంది, ముడిచే కండరాన్ని నడిపే ఎడింగర్-వెస్ట్‌ఫాల్ కేంద్రకం అణగుతుంది. మన ఇష్టంతో దీనికి పని లేదు.

చిక్కల్లా కొలతలోనే. వెలుతురును బట్టి కంటిపాప సుమారు 2 నుంచి 8 మిల్లీమీటర్ల వరకు మారుతుంది. ఆలోచన వల్ల వచ్చే మార్పు మహా అయితే అర మిల్లీమీటరు. నల్లని తెర మీద ఒక తెల్లని కిటికీ తెరుచుకుంటే చాలు, ఆ అర మిల్లీమీటరు కొట్టుకుపోతుంది. పైగా మనలాంటి ముదురు గోధుమరంగు కళ్లలో మామూలు కెమెరాకు కంటిపాప అంచే సరిగా దొరకదు. పరారుణ కాంతిలో చూస్తే ఐరిస్, అంటే కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయం, లేతగా మారి, కంటిపాప నల్లగా విడిపడుతుంది. ప్రయోగశాలలో ఆ కాంతిని వాడడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇంకో సంగతి నాకు మరీ ముఖ్యం. గుర్తుంచుకోగలిగిన దానికన్నా ఎక్కువ అంకెలిస్తే కంటిపాప పెరగడం ఆగిపోతుంది, ఒక్కోసారి తగ్గుతుంది కూడా. అంటే చిన్న కంటిపాపకు పని తేలికైందనీ అర్థం ఉండవచ్చు, మనిషి చేతులెత్తేశాడనీ ఉండవచ్చు. తరగతిలో పాఠం వచ్చిన పిల్లవాడి ముఖం, ఆశ వదులుకున్న పిల్లవాడి ముఖం ఒకేలా ప్రశాంతంగా ఉంటాయి. మంచి ఉపాధ్యాయుడు ఒక్క ప్రశ్న వేసి తేడా తెలుసుకుంటాడు. కొలిచే యంత్రానికి ఆ ప్రశ్న లేదు. భయం, నొప్పి, ఇష్టం కూడా కంటిపాపను విప్పుతాయి. కళ్లు చూసి అబద్ధం పట్టేస్తామనే నమ్మకానికి శాస్త్రం అండ లేదు. కంటిపాప కొలతతో ఉద్యోగి నిజాయితీని తేల్చడం అన్యాయమని గట్టిగా చెబుతాను.

దీన్ని మనిషికి మేలు చేసేలా వాడే దారి ఉంది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో షంసీ ఇక్బాల్, బ్రయన్ బెయిలీ 2005లో పత్రాలు సరిదిద్దుతున్నవారి, ప్రయాణ మార్గాలు వేస్తున్నవారి కళ్లను గమనించారు. పనిలో ఒక భాగం ముగిసి మరొకటి మొదలయ్యే చోట కంటిపాప తగ్గింది. పెద్ద భాగం ముగిసిన చోట ఎక్కువగా, చిన్న అడుగు ముగిసిన చోట తక్కువగా తగ్గింది. కొత్త మెయిల్ వచ్చిందని చెప్పడానికి అనువైన సందు అదే. పేరా మధ్యలో మనిషిని ఉలిక్కిపడేలా చేయకుండా, అది పూర్తయ్యేదాకా ఆ కబురును ఆపి ఉంచే కంప్యూటర్ కావాలి మనకు. పేరా ముగిసిందని తెలుసుకోవడానికి చాలాసార్లు కెమెరా కూడా అక్కర్లేదు. టైపింగ్ ఎక్కడ ఆగిందో చూస్తే చాలు.