అద్దం పీకేస్తే జీపు రేసు కారైపోదు

"పాత రేసు కార్లకి ముందద్దం ఉండదు కదేటన్నా, మన జీపుకీ తీసీ. స్పీడెక్కుతాది." విజయనగరంలో మా షెడ్డుకి పాత మహీంద్రా జీపులు తెచ్చే కుర్రాళ్లు ఎప్పుడూ పాడే పాటే ఇది. ఎవడో రీలు పెడతాడు, మా ప్రాణం తీస్తాడు.

అపోహ: అద్దం తీస్తే స్పీడు.

వాస్తవం: ఎక్కుతుంది, కానీ ఎంత? 1949లో బెల్జియంలోని జబ్బెక్ రోడ్డు మీద జాగ్వార్ ఎక్స్‌కే 120 అనే స్పోర్ట్స్ కారుని పరిగెత్తించారు. టాపు వేసి, అద్దం ఉంచి నడిపితే గంటకి 203 కిలోమీటర్లు. రెండూ తీసేసి, డ్రైవరు ముందు గాలిని పైకి మళ్లించే చిన్న తెర మాత్రం బిగించి, పక్క సీటు మూసేస్తే 213. ఇంత తతంగానికి కలిసొచ్చింది పది. గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది. 60లో ఎంత ఉందో 200 దగ్గర దానికి పదకొండు రెట్లు. మన జీపు 60లో పోయేది, పైగా మూతి బీరువాలా నిలువు. అద్దం తీసినా ఉన్నా ఇంజనుకి తెలీదు.

ఇంకో సంగతి. రేసర్లు ఊరికే పీకి పారెయ్యలేదు. బదులుగా ఏరో స్క్రీన్, అంటే పైన చెప్పిన ఆ చిన్న తెర పెట్టారు, కళ్లకి గాగుల్స్ కట్టారు. 1956లో ఫ్రాన్సులోని లెమాన్స్ రేసు వాళ్లయితే కారు వెడల్పంతా అద్దం ఉండాల్సిందేనని రూలు పెట్టారు.

మన హైవే మీద టెక్కలి గ్రానైట్ లారీ వెనకాల పోయి చూడండి, టైరులోంచి గులకరాయి ఎలా ఎగురుతుందో. రణస్థలం దాటాక సంజెవేళ ఒక అబ్బాయికి కంట్లో రాయి తగిలింది. చలవ కళ్లద్దాలు పెట్టుకున్నాడు, అవే ముక్కలయ్యాయి. నల్లగుడ్డు మీద గీత. వాళ్లమ్మ ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని నన్ను తిడుతుంటే ఏం చెప్పను? అద్దం తీసింది నేను కాదమ్మా అంటే వింటుందా!

"అద్దం పగిలింది, పాత బండికి దొరకదట" అని దిగులు పడేవాళ్లూ ఉన్నారు. బెంగ వద్దు. జీపుది చదును అద్దం, లామినేటెడ్ షీటు, అంటే రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్నది, కొలతకి కోయించుకోవచ్చు. టఫెన్డ్, అంటే కాల్చి గట్టిపరిచిన అద్దం అయితే తయారయ్యాక కొయ్యలేం. ఇంటి కిటికీ అద్దం మాత్రం బిగించకండి, పగిలితే కత్తే. 1989 మోటారు రూల్స్‌లో 100వ రూలు సేఫ్టీ గ్లాసే కావాలంటుంది.

కొత్త కార్ల సంగతి ఒక్క ముక్క: వాటి అద్దం గమ్ముతో అతికినది, పైకప్పుకీ ఎయిర్‌బ్యాగుకీ ఆసరా. దాని జోలికి పోకండి. అద్దాలకి అంటించే నల్ల ఫిల్ము గురించి అడక్కండి, 2012లోనే సుప్రీంకోర్టు కాదంది.

కొలతకొస్తే ఫ్రేము విప్పి తెండి, రబ్బరు బీడింగుతో సహా.