రెండు డబ్బాలూ ఒకలాగే ఉన్నాయి కదా, తాతయ్యా!

చిరంజీవులిద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న నేను కారుకు ఆయిల్ మారుస్తుంటే మీరిద్దరూ నా పక్కనే గొంతుకూర్చుని చూశారు. కొత్త ఫిల్టరు తీసి, ఇంజను మీద మరకు పెట్టి, మూడు చుట్లు తిప్పి, కాసేపు అటూ ఇటూ కదిపి, మళ్ళీ విప్పి అట్టపెట్టెలో పెట్టేశాను. చిన్నది వెంటనే అడిగింది: "పట్టింది కదా తాతయ్యా, ఎందుకు తీసేశావు?" సరైనది కాదమ్మా అన్నాను. పెద్దవాడు పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన నిలబెట్టి, "రెండు డబ్బాలూ ఒకలాగే ఉన్నాయి కదా" అన్నాడు. జవాబు తెలియక కాదు, అప్పటికి నా మోకాళ్ళు నొప్పులు పుట్టి లేచిపోయాను. ఆ బాకీ తీర్చడానికే ఈ ఉత్తరం.

నా చిన్నప్పుడు ఇంట్లో తాగే నీళ్ళు వడపోసే పని నాది. కడవ మూతికి పలుచని గుడ్డ కట్టి, మధ్యలో అరచేతితో నొక్కి కాస్త గుంట చేసి, చెంబుతో నీళ్ళు పోయాలి. నలకలు గుడ్డ మీద ఆగుతాయి, నీళ్ళు కిందికి దిగుతాయి. ఒకరోజు నాకు తెలివి ఎక్కువైంది. ఒక వరస గుడ్డే ఇన్ని నలకలు ఆపితే ఎనిమిది వరసలు ఎన్ని ఆపుతాయో అనుకుని, గుడ్డను మడతల మీద మడతలు పెట్టి కట్టాను. నీళ్ళు దిగవే! బొట్టు బొట్టుగా కారుతున్నాయి. ఆటకు వేళ మించిపోతోందని విసుగుతో చెంబు మీద చెంబు కుమ్మరించాను. గుడ్డ బరువెక్కింది, ముడి సడలింది, ఒక అంచు కడవలోకి జారింది. అప్పటిదాకా ఆగిన నలకలన్నీ బురదనీళ్ళతో సహా లోపలికి పోయాయి. మా అమ్మ వచ్చి చూసి, "చెత్త ఆగితే చాలదురా, నీళ్ళు కూడా దిగాలి" అని వీపు మీద ఒకటి వేసింది. ఆయిల్ ఫిల్టరు గురించి తెలుసుకోవలసినదాంట్లో సగం నాకు ఆ దెబ్బతోనే వచ్చేసింది.

ఇంజను అడుగున తొట్టిలో ఆయిల్ ఉంటుంది. మామూలు కారులో మూడు నాలుగు లీటర్లు. పంపు దాన్ని పీల్చి, ముందు ఫిల్టరులోకి, అక్కడినుంచి బేరింగుల్లోకి, అంటే తిరిగే ఇరుసుల్ని మోసే భాగాల్లోకి తోస్తుంది. అక్కడ పని చూసుకుని అది మళ్ళీ తొట్టిలోకి కారుతుంది. రోడ్డు మీద కారు వేగంగా పోతున్నప్పుడు ఉన్న ఆయిలంతా నిమిషంలోనే కొన్నిసార్లు ఈ ప్రయాణం చేస్తుంది. దారిలో అరిగిన లోహపు రజను, మసి, గాలితో వచ్చిన సన్న దుమ్ము దానిలో చేరుతుంటాయి. వాటిని ఆపే గుడ్డ ఆ డబ్బాలో ఉంది. అది గుడ్డ కూడా కాదు, కాగితం. విసనకర్రలా మడతలు మడతలుగా పెట్టి గుండ్రంగా చుట్టి ఉంటుంది. విప్పి పరిస్తే మూరల కొద్దీ వస్తుంది. మడతలెందుకో మీకు ఈపాటికే తెలిసి ఉండాలి. నేను చేసినట్టు ఒకదాని మీద ఒకటి పరిస్తే ఆయిల్ దిగదు. పక్కపక్కన నిలబెడితే ప్రతి మడతా ఆయిల్‌కు ఓ దారి.

అది ఆపే నలక ఎంతుంటుందో ఊహించండి. మీ తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మంచి ఫిల్టరు 20 మైక్రాన్ల నలకల్ని దాదాపు అన్నిటినీ ఆపుతుంది. కంటికి అవి కనబడనే కనబడవు. కనబడని నలకతో గొడవేమిటంటారా? తిరిగే ఇరుసుకీ బేరింగుకీ మధ్య ఆయిల్ పొర మందం కొన్నిచోట్ల కొద్ది మైక్రాన్లే. ఆ పొర మీద ఇరుసు తేలుతూ నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది, ఇనుము ఇనుమును తాకకుండా! ఎలా తేలుతుందో చెప్పడానికి చాలా లెక్కలున్నాయి. నేను అవి చదివాను కూడా. అయినా తలుచుకున్నప్పుడల్లా లెక్క మరిచిపోయి ఆశ్చర్యపోతూ కూర్చుంటాను.

ఒక మాట. ఫిల్టరు పెట్టె మీద 99 శాతం అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటే, ఎంత నలకలో 99 శాతం అని వెతకండి. పరిమాణం చెప్పని శాతానికి అర్థం లేదు. అలాగే ఉత్త 20 మైక్రాన్లు అని రాసి, అందులో ఎన్ని ఆపుతుందో రాయకపోయినా అంతే. నా ఎనిమిది మడతల గుడ్డ కూడా వాటిలో కొన్నిటిని ఆపే ఉంటుంది.

కడవ దగ్గరికి మళ్ళీ వద్దాం. గుడ్డ మూసుకుపోతే నీళ్ళు పక్కనుంచి పొర్లాయి కదా. ఇంజనులోనూ అలాగే కావాలి, అయితే దాన్ని తెలిసే ఏర్పాటు చేశారు. చలికి ఆయిల్ చిక్కబడినా, కాగితం మురికితో నిండినా, ఆయిల్ దిగడం ఆగిపోతే ఇంజను క్షణాల్లో ఎండుతుంది. అందుకని స్ప్రింగుతో మూసి ఉంచిన ఒక చిన్న తలుపు పెడతారు. దాన్ని బైపాస్ వాల్వ్ అంటారు. ఒత్తిడి ఓ హద్దు దాటితే అది తెరుచుకుని, వడకట్టని ఆయిల్‌నే ఇంజనుకు పంపుతుంది. ఎండిపోయి చావడం కన్నా మురికి తాగి బతకడం మేలు కదా. ఆ హద్దు ఏ ఇంజనుకు ఎంత ఉండాలో దాన్ని తయారు చేసినవాళ్ళు నిర్ణయిస్తారు. ఒకదానికి 0.8 బార్ (బార్ అంటే ఒత్తిడికి కొలత) దగ్గర తెరుచుకుంటే, మరొకదానికి 1.5 బార్ దాకా ఆగుతుంది. కొన్ని కార్లలో ఆ తలుపు ఇంజనులోనే ఉంటుంది, ఫిల్టరులో ఉండదు. అలాంటి తలుపులేని ఫిల్టరును, తలుపు తనలో లేని ఇంజనుకు తగిలించామనుకోండి. బయటినుంచి చూస్తే ఏ తేడా లేదు. చలి ఉదయాన మాత్రం కాగితం చిరగడమో, బేరింగుకు ఆయిల్ అందకపోవడమో జరుగుతుంది. పెద్దవాడా, డబ్బాలు ఒకలాగే ఉన్నాయన్నావే, సంగతంతా ఆ రేకు లోపల ఉంది.

ఇంకో తలుపు ఉంది. ఇక్కడ నా కడవ పనికిరాదు, ఎంత ఆలోచించినా పోలిక కుదరలేదు. చాలా కార్లలో ఫిల్టరు అడ్డంగానో తలకిందులుగానో ఉంటుంది. ఇంజను ఆపగానే అందులోని ఆయిల్ వెనక్కి కారిపోతే, తెల్లారి స్టార్టు చేసినప్పుడు ముందు ఆ డబ్బా నిండాలి, ఆ తర్వాతే బేరింగులకు ఆయిల్. ఆ రెండు మూడు క్షణాలు ఇంజను గరగరలాడుతుంది. అలా కారకుండా లోపల ఒక రబ్బరు రెక్క ఉంటుంది. ఆయిల్‌ను లోపలికి రానిస్తుంది, వెనక్కి పోనివ్వదు. మామూలు నైట్రైల్ రబ్బరైతే వేడికి కాలక్రమాన గట్టిపడుతుంది. సిలికాన్ అయితే ఎక్కువ కాలం మెత్తగా ఉంటుంది. ఫిల్టరు మూతి పైకి ఉండి నిలువుగా వేలాడే కార్లలో దీని అవసరం అంతగా పడదు.

ఇక చిన్నదాని ప్రశ్న: పట్టింది కదా!

పట్టింది, నిజమే. మన ఇంజను మీది మర ముప్పావు అంగుళం, అంగుళానికి 16 చుట్లు. అంటే 19.05 మిల్లీమీటర్ల లావు. నేను తెచ్చిన ఫిల్టరు మర 20 మిల్లీమీటర్లది, చుట్టుకూ చుట్టుకూ మధ్య ఒకటిన్నర మిల్లీమీటరు ఎడం. మనదానిలో ఆ ఎడం 1.59. చూశారా, ఎంత దగ్గరి చుట్టాలో! పెద్ద రంధ్రం చిన్న మర మీద హాయిగా ఎక్కుతుంది, తిరుగుతుంది, పట్టినట్టే అనిపిస్తుంది. నేను అటూ ఇటూ కదిపింది అందుకే. వేళ్ళకు లొడలొడ తెలిసింది. బలంగా బిగిస్తే నిలిచి ఉండేదేమో, కొన్నాళ్ళు. తర్వాత ఎక్కడో దారిలో, వేడికీ అదురుకూ మర పట్టు వదిలి, ఒత్తిడితో ఆయిలంతా బయటికి చిమ్మేది. తేలిగ్గా పట్టినదాన్ని కొంచెం అనుమానించాలర్రా. స్నేహితుల విషయంలో కూడా నా అనుభవం ఇదే, కానీ అది ఇంకో ఉత్తరం.

ఆ తప్పు ఎవరిదో కూడా చెప్పాలి. నాదే. పాతదాన్ని పక్కన పెట్టుకుని ఎత్తూ లావూ చూసి, ఇదేలే అని తెచ్చుకున్నాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా! చేయవలసిన పని వేరు. కారుతో ఇచ్చిన పుస్తకంలో ఫిల్టరు నంబరు ఉంటుంది. లేకపోతే కారు పేరుతో సరిపెట్టుకోకుండా తయారైన సంవత్సరం, పెట్రోలా డీజిలా, ఇంజను రకం ఏదో చూసుకుని వెతకాలి. ఒకే పేరుతో తిరిగే కార్లలో మూడు రకాల ఇంజన్లుండవచ్చు. వేరే కంపెనీది తేవాలంటే, ఈ నంబరుకు బదులు ఆ నంబరు అని చెప్పే పట్టికలుంటాయి. ఒక పట్టికను నమ్మవద్దు, రెండింటిలో చూసి సరిపోలితేనే తెచ్చుకోవాలి. తెచ్చాక మర, మూతి చుట్టూ ఉండే రబ్బరు రింగు వ్యాసం పాతదానితో పోల్చుకోవాలి. కంటితో పోల్చడం చివరి పని. నేను దాన్ని మొదటి పని చేశాను.

ఇప్పటి కార్లలో చాలావాటికి డబ్బా ఉండదు, ఉత్త కాగితపు ఫిల్టరే. దాన్ని ఇంజను మీదున్న గిన్నెలో పెట్టి మూత బిగిస్తారు. వాటికి పెట్టెలో వచ్చిన కొత్త రబ్బరు రింగులు తప్పక వేయాలి. ఎంత బిగించాలో చాలా మూతల మీదే రాసి ఉంటుంది, తరచుగా 25 న్యూటన్ మీటర్లని. తిప్పే బలానికి కొలత అది.

రబ్బరు రింగు అంటే గుర్తొచ్చింది. నాకు ఇరవయ్యేళ్ళప్పుడు మొదటిసారి ఎవరి సాయమూ లేకుండా ఫిల్టరు మార్చాను. కొత్తదాని రింగుకు వేలితో ఆయిల్ రాశాను, రింగు ఇంజనును తాకాక ఇంకో ముప్పావు చుట్టు చేత్తోనే బిగించాను, అన్నీ పుస్తకంలో ఉన్నట్టే. స్టార్టు చేసి, గర్వంగా పక్కకు వచ్చి నిలబడ్డాను. కారు కిందనుంచి నల్లటి మడుగు నా చెప్పుల దాకా పాకింది! ఆపేసరికి సగం ఆయిల్ నేల మీదే ఉంది. పాత ఫిల్టరు విప్పినప్పుడు దాని రింగు ఇంజనుకే అతుక్కుపోయింది. నేను చూడలేదు. దాని మీదే కొత్త రింగు కూర్చుంది. రెండు రింగులు ఒకదాని మీద ఒకటి నిలవవు, ఒత్తిడి రాగానే జారిపోతాయి. అప్పటినుంచీ పాతది విప్పగానే ముందు దాని మూతి చూస్తాను, రింగు వచ్చిందా లేదా అని. మొన్న కూడా చూశాను. మీరు గమనించారో లేదో.

ఈ ఫిల్టరు లేని కాలం ఒకటుండేది తెలుసా? అప్పుడు కొన్ని వందల మైళ్ళకోసారి ఆయిల్ మార్చుకునేవారు. 1923లో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్ అనే ఆయన కారుకు ఆయిల్ ఫిల్టరు కనిపెట్టి దానికి ప్యూరొలేటర్ అని పేరు పెట్టాడు. ప్యూర్, ఆయిల్, లేటర్ అనే మూడు మాటలు కలిపి నొక్కితే వచ్చిన పేరది. మరుసటి ఏడాది క్రైస్లర్ కారులో దాన్ని బిగించి అమ్మారు. పేర్లు పెట్టే సరదా మీకు ఉంది కాబట్టి చెప్పాను.

ఇన్ని చేసినా ఆయిల్ నల్లబడుతుందేమిటని పెద్దవాడు అడుగుతాడు, నాకు తెలుసు. ఆ నలుపు మసి. దాని రేణువు మైక్రాన్ కన్నా చిన్నది, కాగితంలోంచి దర్జాగా దాటిపోతుంది. ఆయిల్‌లో కలిపిన మందులు దాన్ని ముద్దకట్టకుండా, ఎక్కడా పేరుకోకుండా తమతో తిప్పుతుంటాయి. అది ఆయిల్ మార్చినప్పుడే పోవాలి, ఫిల్టరు తప్పు కాదు.

నేను తెచ్చిన ఆ తప్పు ఫిల్టరు ఇంకా బల్ల మీదే ఉంది. రేపు తిరిగి ఇచ్చేస్తాను, ఈలోగా చేతులు తుడుచుకుని తీసి చూడండి. మూతి చుట్టూ చిన్న రంధ్రాలుంటాయి. వాటిలోంచి టార్చి వేస్తే రబ్బరు రెక్క కనబడుతుంది. అగ్గిపుల్ల వెనక కొసతో మెల్లగా నొక్కితే లోపలికి వంగుతుంది, వదిలితే మళ్ళీ మూసుకుంటుంది. పాత ఫిల్టరును నేనే పళ్ళెంలో బోర్లించాను. అది రెండు రోజులు కారాక నేను రేకు కోసి కాగితం బయటికి తీస్తాను, అంతదాకా మీరు దాని జోలికి పోవద్దు. తీశాక మడతలు లెక్కపెట్టే పని మీది. ఇన్నేళ్ళలో నేను ఒక్కసారి కూడా లెక్కపెట్టలేదు.

ఇట్లు,
మీ తాతయ్య