మా గోడ, మా బోర్డు, మధ్యలో రూల్స్ ఏంటి? పల్లెల్లో షాపు బోర్డులపై అపోహలు - వాస్తవాలు

షాపు పేరు ఖరారు కాగానే చాలామంది ముందు బోర్డు ప్రింట్ చేయించేస్తారు. పర్మిషన్ సంగతి ఆ తర్వాతే గుర్తొస్తుంది. బోర్డులు డిజైన్ చేయడం, వాటికి అనుమతులు తెప్పించడం నా పని. అందుకే ఈ వరస తప్పడం వల్ల ఎంత డబ్బు వృథా అవుతుందో, ఎంత ఉత్సాహం నీరుగారిపోతుందో రోజూ చూస్తుంటాను. ఊరు చిన్నదైతే ‘ఇక్కడేం రూల్స్ ఉంటాయిలే’ అనే ధీమా ఇంకాస్త ఎక్కువ.

ఏ దేశంలో చూసినా పల్లెల్లో బోర్డుల నిబంధనలు దాదాపు నాలుగు విషయాల చుట్టూనే తిరుగుతాయి: ఎంత సైజు, ఎక్కడ, ఎంత వెలుతురు, ఎన్నాళ్లు. ఆ అంకెలు చాలావరకు ఎవరికి తోచినట్టు వాళ్లు వేసినవి కావు. డ్రైవర్ కన్ను ఎంత ఎత్తులో ఉంటుంది, గాలి బోర్డును ఎంత బలంగా తోస్తుంది, పక్కింటి కిటికీలోకి ఎంత వెలుగు పడుతుంది అనే లెక్కల్లోంచి వచ్చినవి. ఆ లెక్క అర్థమైతే అదే రూల్‌తో మంచి బోర్డు చేయించుకోవచ్చు.

అపోహ: సొంత స్థలంలో పెట్టుకునే బోర్డుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

స్థలం మీదే, కానీ బోర్డును చూసేది రోడ్డు మీద వెళ్లేవాళ్లు. దాని ప్రభావం స్థలం హద్దు దగ్గర ఆగదు. ముఖ్యంగా మూలమలుపులో ఉన్న స్థలాల్లో. కారు డ్రైవర్ కన్ను నేల నుంచి సుమారు మూడున్నర అడుగుల ఎత్తులో ఉంటుందని అమెరికాలో రోడ్ల డిజైన్‌కు లెక్క కడతారు. ఇప్పుడు మూల మీద నాలుగడుగుల ఎత్తున అందమైన రాతి దిమ్మె కట్టి దాని మీద షాపు పేరు చెక్కించారనుకోండి. పక్క వీధిలోంచి మెయిన్ రోడ్డు ఎక్కబోయే డ్రైవర్ చూపుకు అది సరిగ్గా అడ్డం. దిమ్మె వెనక నడిచే చిన్నపిల్లలు అసలు కనిపించరు, వచ్చే బైకు కూడా మరుగున పడొచ్చు.

అందుకే చాలా ఊళ్ల నిబంధనల్లో మూల దగ్గర ఒక త్రికోణం గీసి, అందులో సుమారు మూడడుగుల నుంచి ఎనిమిది లేదా పది అడుగుల ఎత్తు వరకు ఏమీ ఉండకూడదని రాస్తారు. దీనికి దారి ఉంది. దిమ్మెను రెండున్నర అడుగులకు దించండి, లేదా సన్నటి స్తంభం మీద బోర్డు కింది అంచు ఆ ఎనిమిది లేదా పది అడుగులు దాటేలా పెట్టండి. అదీ కుదరకపోతే త్రికోణం అవతలికి జరపండి. స్థలం కొలిచే రోజే ఈ త్రికోణాన్ని ముగ్గుపిండితో నేల మీద గీసి చూసుకోమని నేను అందరికీ చెబుతాను. కాగితం మీద అర్థం కానిది అక్కడ నిలబడితే వెంటనే తెలుస్తుంది.

అపోహ: ఊరి ఆఫీసులో ఓకే అంటే ఇక అయిపోయినట్టే.

చాలాసార్లు కాదు. ఊరు ఒకరి చేతిలో, ఊరి మీదుగా పోయే రోడ్డు మరొకరి చేతిలో ఉంటుంది. మన దేశంలో జాతీయ రహదారి స్థలాన్ని అనుమతి లేకుండా ఆక్రమించకూడదని 2002 నాటి జాతీయ రహదారుల నియంత్రణ చట్టం చెబుతోంది. పంచాయతీ ఇచ్చిన కాగితం ఆ స్థలంలో చెల్లదు. అమెరికాలో ప్రధాన రహదారి అంచు నుంచి 660 అడుగుల లోపు పెట్టే ప్రకటనల బోర్డులపై 1965 నాటి హైవే బ్యూటిఫికేషన్ చట్టం కింద రాష్ట్రాల అదుపు ఉంటుంది, ఊరి రూల్స్ దానికి అదనం. ఇంగ్లండ్‌లో పల్లెకు మన పంచాయతీ లాంటి పారిష్ కౌన్సిల్ ఉన్నా అది అభిప్రాయం మాత్రమే చెబుతుంది. నిర్ణయం పైనున్న ప్లానింగ్ అథారిటీది. కాబట్టి మొదట అడగాల్సిన ప్రశ్న ‘ఫీజు ఎంత’ అని కాదు, ‘ఈ రోడ్డు ఎవరిది’ అని.

అపోహ: కరెంటు స్తంభానికి, చెట్టుకు కడితే ఎవరూ అడగరు.

అడుగుతారు. స్తంభాలు ఎక్కి పనిచేసే లైన్‌మన్‌కు ఆ బోర్డులు, వాటి తీగలు నిజమైన ప్రమాదం. ప్రభుత్వ ఆస్తి మీద బోర్డులు కట్టకుండా లాస్ ఏంజెలెస్ పెట్టిన నిషేధాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1984లోనే సమర్థించింది. అదీ ఎన్నికల ప్రచార బోర్డుల కేసులో. చెట్టుకు మేకు కొట్టడం గురించి వేరే చెప్పాలా?

అపోహ: బోర్డు మీద ఏం రాయాలో కూడా వాళ్లే చెబుతారు.

ఈ భయం చాలామందిలో ఉంది. మంచి నిబంధనలు మాట జోలికి పోవు, సైజు, ఎత్తు, చోటు, వెలుతురు దగ్గరే ఆగుతాయి. ఇంగ్లండ్‌లో 2007 నాటి ప్రకటనల నియంత్రణ నిబంధనల ప్రకారం అధికారులు రెండే చూడాలి: పరిసరాల అందం, ప్రజల భద్రత.

అమెరికాలో ఈ విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అరిజోనాలోని గిల్బర్ట్ అనే ఊళ్లో ఒక చిన్న చర్చి, ఆదివారం ప్రార్థన ఎక్కడ జరుగుతుందో చెప్పే బోర్డులు పెట్టేది. అలాంటి దారి చూపే బోర్డులు ఆరు చదరపు అడుగులు దాటకూడదని, కార్యక్రమానికి 12 గంటల ముందు నుంచి, అయిపోయిన గంట వరకే ఉండాలని అక్కడి రూల్. అదే ఊళ్లో రాజకీయ బోర్డు 32 చదరపు అడుగుల దాకా ఉండొచ్చు, భావజాలం చెప్పే బోర్డు 20 చదరపు అడుగుల దాకా. రాసిన విషయాన్ని బట్టి సైజు మారడం చెల్లదని 2015లో న్యాయమూర్తులంతా ఒకే మాటగా ఆ రూల్‌ను కొట్టేశారు. ఆ తర్వాత అమెరికాలో ఎన్నో ఊళ్లు తమ బోర్డుల నిబంధనలు తిరగరాసుకోవాల్సి వచ్చింది. అక్కడ షాపు ఉన్నవాళ్ల చేతిలో పాత రూల్ కాపీ ఉంటే కొత్తది తెచ్చుకోవాలి.

అపోహ: ఎంత పెద్ద బోర్డు అయితే అంత బాగా కనబడుతుంది.

కనబడాల్సింది అక్షరం, బోర్డు కాదు. అమెరికా రోడ్డు సూచికల లెక్క ప్రకారం అంగుళం ఎత్తున్న అక్షరం సుమారు 30 అడుగుల దూరం నుంచి చదవగలం. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు 11 మీటర్లు కదులుతుంది. చదవడానికి ఐదు సెకన్లు కావాలనుకుంటే 55 మీటర్లు, అంటే దాదాపు 180 అడుగుల ముందే అక్షరం తెలియాలి. ఆరంగుళాల అక్షరం చాలు. అదే బండి 60లో వస్తుంటే తొమ్మిది అంగుళాలు కావాలి. ఊరి నడివీధిలో 40కి మించి ఎవరూ పోరు కాబట్టే అక్కడ చిన్న బోర్డుకే అనుమతిస్తారు.

ఒక మాట గుర్తుంచుకోండి. ఆ లెక్క ఇంగ్లిష్ పెద్ద అక్షరాలకు. తెలుగులో పైన గుడి, కింద ఒత్తు పోగా అసలు అక్షరానికి మిగిలే ఎత్తు తక్కువ. ‘లక్ష్మి’ అని రాసి మొత్తం ఎత్తు ఆరంగుళాలు ఉంచితే, దూరం నుంచి ‘క్ష్మి’ ఒక నల్లటి ముద్దలా కనిపిస్తుంది. తెలుగు లైనుకు ఎత్తు ఎక్కువ ఇవ్వండి, మాటలు తగ్గించండి. పేరు, చేసే వ్యాపారం, ఈ రెండు చాలు. నాలుగు ఫోన్ నంబర్లు, దేవుడి బొమ్మ, యజమాని ఫొటో, సరుకుల జాబితా అన్నీ కలిపి ఇరికిస్తే ఎంత పెద్ద హోర్డింగైనా ఎవరూ చదవలేరు. ఇది చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది, ఎందుకంటే ఆ మనిషి దానికి నిజంగానే ఖర్చు పెట్టి ఉంటాడు.

సైజు ఎలా కొలుస్తారో కూడా తెలుసుకోవాలి. చాలా చోట్ల షాపు ముందుభాగం వెడల్పును బట్టి బోర్డు వైశాల్యం ఇస్తారు. ప్యానెల్ పెడితే ప్యానెల్ మొత్తాన్ని కొలుస్తారు. విడివిడి అక్షరాలు నేరుగా గోడకు బిగిస్తే వాటి చుట్టూ గీసిన దీర్ఘచతురస్రాన్నే లెక్కలోకి తీసుకోవడం మామూలు. అంటే మీకు 20 చదరపు అడుగులే ఇచ్చారనుకున్నా, అందులోనే విడి అక్షరాలు బాగా పెద్దవి పెట్టుకోవచ్చు. రూల్ పుస్తకంలో ‘వైశాల్యం ఎలా కొలవాలి’ అనే పేరా కోసం వెతికి మరీ చదవండి, అన్నిటికన్నా పనికొచ్చేది అదే.

అపోహ: ఫ్లెక్సీకి కన్నాలు పెడితే గాలి పోతుంది, స్ట్రక్చర్ సర్టిఫికెట్ ఎందుకు?

స్ట్రక్చర్ సర్టిఫికెట్ అంటే ఫ్రేమ్, పునాది గాలికి తట్టుకుంటాయని లెక్క కట్టి ఇచ్చే కాగితం. నా వృత్తిలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టే అపోహ ఇదే. అర్ధచంద్రాకారంలో కోసిన కన్నాల వల్ల ఫ్రేమ్ మీద పడే గాలి బలం పెద్దగా తగ్గదు. పైగా చిరుగు మొదలయ్యేది ఆ కోత దగ్గరే. గాలి పోవాలంటే జల్లెడలా ఉండే మెష్ గుడ్డ వాడాలి, అప్పుడు కూడా ఫ్రేమ్ లెక్క తప్పదు.

ఆ లెక్క ఇదీ. గాలి ఒత్తిడి దాని వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. సెకనుకు ఎన్ని మీటర్లో ఆ అంకెను దానితోనే గుణించి, 0.6తో మళ్లీ గుణిస్తే చదరపు మీటరుకు ఎన్ని న్యూటన్లో వస్తుంది. మూడు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల ఎత్తున్న బోర్డు తీసుకోండి. గంటకు 72 కిలోమీటర్ల గాలి, అంటే సెకనుకు 20 మీటర్లు, దాన్ని దాదాపు 147 కిలోల బరువుతో తోస్తుంది. గాలి రెట్టింపై 144 కిలోమీటర్లు అయితే ఆ తోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లు, దాదాపు 590 కిలోలు. బోర్డు ఆకారం, పరిసరాలను బట్టి ఇది ఇంకా మారుతుంది. అదే బోర్డును రెండింతల ఎత్తుకు లేపితే స్తంభం మొదట్లో పడే వంపు బలం కూడా కనీసం రెట్టింపవుతుంది. వెల్డర్ అనుభవం మీద నాకు గౌరవం ఉంది, కానీ పునాది లోతు, స్తంభాన్ని పునాదికి పట్టి ఉంచే యాంకర్ బోల్టుల సైజు కళ్లతో చూసి చెప్పేవి కావు.

ముంబైలోని ఘాట్‌కోపర్‌లో 2024 మే 13న గాలివానకు ఒక హోర్డింగ్ పెట్రోల్ బంకు మీద కూలి 17 మంది చనిపోయారు. అది 120 అడుగుల పొడవు, 120 అడుగుల వెడల్పు ఉంది. అక్కడ పరిమితి 40 అడుగులు. చెన్నైలో 2019 సెప్టెంబరులో రోడ్డు మధ్య కట్టిన బ్యానర్ మీద పడటంతో అదుపు తప్పిన స్కూటర్ మీదున్న యువతి వెనక వస్తున్న ట్యాంకర్ కింద పడి ప్రాణాలు కోల్పోయింది. అది ఉక్కు హోర్డింగ్ కాదు, మామూలు బ్యానరే.

అపోహ: టెంపరరీ బోర్డే కదా, రూల్స్ వర్తించవు.

వర్తిస్తాయి, కాకపోతే వేరేవి. సైజు తక్కువ, గడువు కచ్చితం. ఇంగ్లండ్‌లో ఇల్లు అమ్మకానికుందని పెట్టే బోర్డుకు ముందస్తు అనుమతి అడగక్కర్లేదు, కానీ అమ్మకం పూర్తయిన 14 రోజుల్లో తీసేయాలి. ఫుట్‌పాత్ మీద పెట్టే, ఇంగ్లిష్ ‘A’ అక్షరం ఆకారంలో ఉండే మడత బోర్డుల దగ్గర అసలు సమస్య నడిచే దారి. వీల్‌చెయిర్ పోవడానికి కనీసం 36 అంగుళాలు వదలాలని అమెరికా వికలాంగుల చట్టం ప్రమాణాలు చెబుతాయి. గోడ నుంచి బయటికి పొడుచుకొచ్చే బోర్డులకూ అందులో లెక్క ఉంది: 27 అంగుళాల పైన, 80 అంగుళాల కింద ఏదీ నాలుగంగుళాలు మించి ముందుకు రాకూడదు. చూపు లేనివాళ్ల కర్ర నేల దగ్గర ఉన్నదాన్నే పసిగడుతుంది. ఛాతీ ఎత్తున ఉన్న బోర్డు అంచు వాళ్లకు ముఖానికి తగిలినప్పుడే తెలుస్తుంది. మీ ఊళ్లో ఇలాంటి రూల్ రాసి లేకపోయినా ఈ కొలతలు పాటించండి.

అపోహ: రాత్రి బాగా వెలిగితేనే జనం చూస్తారు.

ఎల్‌ఈడీ స్క్రీన్ ఎండలో కనబడాలంటే ఐదు వేల నిట్లు (స్క్రీన్ వెలుగును కొలిచే యూనిట్), అంతకన్నా ఎక్కువ వెలుగు కావాలి. రాత్రి 300 నిట్లు చాలని చాలా చోట్ల నిబంధన పెడతారు. పల్లె చీకట్లో కంటిపాప బాగా విచ్చుకుని ఉంటుంది, అందుకే సిటీలో మామూలుగా అనిపించే బోర్డే అక్కడ కళ్లు జిగేల్మనిపిస్తుంది, అక్షరాల అంచులు కరిగిపోయినట్టు కనిపిస్తాయి. చీకటి పడితే వెలుగును దానంతట అదే తగ్గించే ఆటోమేటిక్ డిమ్మర్ పెట్టించండి. గ్లో సైన్ బోర్డుకు తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ వద్దు, ముదురు రంగు వేసి అక్షరాలు మాత్రమే వెలిగేలా చేయండి. బొమ్మలు మారే స్క్రీన్ అయితే ఒక్కో బొమ్మ ఎనిమిది సెకన్లు నిలవాలని అమెరికా ఫెడరల్ హైవే విభాగం 2007లో సూచించింది. షాపు మూసే వేళకు టైమర్‌తో ఆపేస్తే పక్కింటివాళ్లతో తగాదా రాదు.

అపోహ: పాత బోర్డుకు కొత్త రూల్ వర్తించదు, కాబట్టి ఏం చేసినా పర్వాలేదు.

సగం నిజం. రూల్ రాకముందు సక్రమంగా పెట్టిన బోర్డును చాలా చోట్ల అలాగే ఉండనిస్తారు. రంగు వేయొచ్చు, బాగు చేయొచ్చు. కానీ పెంచినా, జరిపినా, ఫ్రేమ్ పూర్తిగా మార్చినా ఆ వెసులుబాటు పోయే అవకాశం ఎక్కువ. పాత షాపు కొనేటప్పుడు బోర్డు పర్మిషన్ కాగితం, పాత ఫొటో రెండూ అడిగి తీసుకోండి.

అపోహ: ఆఫీసుకు వెళ్తే ఎలాగూ కాదంటారు.

ఖాళీ చేతులతో వెళ్తే కాదనే అంటారు. షాపు ముందుభాగం ఫొటో మీద బోర్డును అసలు కొలతల స్కేలులో అతికించి తీసుకెళ్లండి. రోడ్డు అంచు నుంచి దూరం, నేల నుంచి ఎత్తు, లైటు రకం రాసిన స్కెచ్, స్థల యజమాని ఒప్పుకున్న కాగితం జత చేయండి. స్థలం లోపలికి ఉండి బోర్డు రోడ్డుకు కనబడకపోవడం లాంటి నిజమైన ఇబ్బంది ఉంటే మినహాయింపు అడిగే పద్ధతి చాలా చోట్ల ఉంది. ‘వ్యాపారం పెరగాలి’ అంటే ఇవ్వరు, చెట్టో మలుపో అడ్డొస్తోందని రోడ్డు మీద నిలబడి తీసిన ఫొటో చూపించాలి. ఆ సమాధానం చేతికి వచ్చాకే ప్రింటింగ్‌కు అడ్వాన్స్ ఇవ్వండి.