కెమెరా లేని ఫొటోలు, కదలకుండా కదిలే బొమ్మలు: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో పిల్లలకీ పెద్దవాళ్లకీ కలిపి పాతకాలపు ఫొటోగ్రఫీ, కదిలే బొమ్మల వర్క్‌షాపులు చేస్తుంటాను. తల్లిదండ్రుల నోట తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: కెమెరా లేకపోతే చూపించడానికి ఏముంటుంది?

వాస్తవం: ఒక గది చాలు. కిటికీలన్నీ నల్ల చార్టుతో మూసేసి, ఒకచోట రూపాయి బిళ్లకంటే చిన్న రంధ్రం చేయండి. చీకటికి కళ్లు అలవాటు పడేదాకా ఓపిక పట్టండి. ఎండ బాగా ఉంటే, బయటి వీధి రంగులతో సహా ఎదుటి గోడ మీద తలకిందులుగా పడుతుంది. కొండవైపు కిటికీ ఉన్నవాళ్లకు శేషాచలమే గోడ మీదికి వస్తుంది! వెలుతురు సూటిగా వెళ్తుంది కాబట్టి పైనుంచి వచ్చినది కిందికీ, కిందనుంచి వచ్చినది పైకీ చేరుతుంది. హంపి విరూపాక్షాలయంలో గోపురం నీడ తలకిందులుగా పడేదీ ఇందుకే.

అపోహ: ఫొటో అంటే రసాయనాలు, పిల్లలకు ప్రమాదం.

వాస్తవం: 1839లో లోకానికి తెలిసిన, ఫ్రాన్స్‌కు చెందిన డాగ్యురే ఫొటో పద్ధతిలో పాదరసం ఆవిరి వాడేవారు. అది నిజంగానే ప్రమాదం. కానీ 1842లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ పూల రసాలతోనే బొమ్మలు తీశాడు. మనకు పసుపు ఉంది. దాన్ని సర్జికల్ స్పిరిట్‌లో కలిపి వడగట్టి, కాగితానికి పూసి నీడలో ఆరబెట్టండి. స్పిరిట్ పని పెద్దవాళ్లదే, దగ్గర్లో మంట ఉండకూడదు. ఆరాక కాగితం మీద వేపరెమ్మ పెట్టి, పైన గాజు పలక వేసి ఎండలో ఉంచండి. రెండు మూడు గంటలు పట్టవచ్చు. ఎండ తగిలినచోట పసుపు వెలిసిపోతుంది, రెమ్మ కింద నిలుస్తుంది. తర్వాత కూడా వెలుతురు తగిలితే వెలుస్తూనే ఉంటుంది, అందుకే పుస్తకంలో దాచాలి.

అపోహ: పాత ఫొటోల్లో నవ్వరు, ఆ కాలం మనుషులే అంత గంభీరం.

వాస్తవం: తొలి రోజుల్లో ఒక్క ఫొటోకి నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవాలి. ఇంట్లో అందరూ ఒక్క నిమిషం నవ్వు చెదరకుండా కూర్చుని చూడండి.

అపోహ: కంట్లో బొమ్మ కాసేపు నిలిచిపోతుంది, అందుకే సినిమా కదులుతున్నట్టు ఉంటుంది.

వాస్తవం: పుస్తకాల్లోనూ ఇలాగే రాస్తున్నారు, అది నాకు బాధగా ఉంటుంది. నిలిచిపోవడమే కారణమైతే బొమ్మలన్నీ ఒకదాని మీద ఒకటి పడి అలుక్కుపోవాలి. పక్కపక్క బొమ్మల్లోని చిన్న తేడాలను కలిపి కదలికగా మార్చేది మెదడు. 1912లో మనస్తత్వ శాస్త్రవేత్త మాక్స్ వెర్తైమర్ దీని మీద ప్రయోగాలు చేశాడు. మీరూ చేయొచ్చు. గుండ్రటి అట్టడబ్బాకు నల్లరంగు వేసి, పైభాగంలో సన్నని నిలువు చీలికలు కోయండి. బంతి ఒక్కో బొమ్మకీ కొంచెం జరిగేలా గీసిన పన్నెండు బొమ్మల కాగితం పట్టీని చీలికల కింద లోపల చుట్టి, అడుగున పెన్సిల్ గుచ్చి తిప్పండి. పైనుంచి చూస్తే అంతా అలుకుడే. చీలికల్లోంచి చూస్తే బంతి ఎగురుతుంది, ఎందుకంటే చీలిక ఒక్కో బొమ్మనూ విడిగా, క్షణంసేపే చూపిస్తుంది. తోలుబొమ్మ చెయ్యి నిజంగానే కదులుతుంది. ఇక్కడ కదిలే బొమ్మ ఒక్కటీ లేదు.

అపోహ: ఫోన్ చూసే పిల్లలకు ఇవి బోర్.

వాస్తవం: పిల్లలు కాదు, పెద్దవాళ్లే ఆగలేక పెన్సిల్ లాక్కుని తామే గీసేస్తారు. అప్పుడే పిల్లలకు ఆసక్తి పోతుంది. వంకరగా గీసినా సరే, గీయనివ్వండి. ఒక్కో బొమ్మకీ బంతి కొంచెం జరిగితే చాలు, ఎగురుతుంది.